ఈ ఎండాకాలం టీనేజ్ నవలలు: ఇంట్లో మొదలుపెట్టడం ఎలా?

ఏప్రిల్ ఆఖరి వారంలో బడులు మూస్తే మళ్లీ తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. పేరుకు ఏడు వారాలు. ఊరికి పోయే రోజులు, పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఊరగాయల హడావిడి, చుట్టాల రాకపోకలు తీసేస్తే అనంతపురంలో ఏ ఇంట్లోనైనా పిల్లల చేతిలో నిజంగా మిగిలేది నాలుగు వారాలు. పదో తరగతి రాసిన పిల్లలకు అదీ అనుమానమే. కొన్ని కాలేజీలు సెలవులు సగం కాకముందే బ్రిడ్జ్ కోర్సని పిలుస్తాయి. అందుకని ముందు గోడమీది క్యాలెండర్ దించి, నిజంగా ఖాళీగా ఉండే రోజుల చుట్టూ పెన్సిల్‌తో గీయండి. మిగతా ప్లానంతా ఆ గీతల లోపలే.

టీనేజ్ పిల్లల కోసం రాసిన నవలలు, అంటే ఇంగ్లీష్‌లో యంగ్ అడల్ట్ అనేవి, ఈ సెలవుల్లో ఇంట్లో చదివించడం ఎలాగో పదమూడు దాటిన పిల్లలున్న అమ్మానాన్నలకు, పిన్నమ్మలకు, మేనమామలకు చెబుతున్నాను. ఇది చదువుతున్నది ఆ పిల్లలే అయితే మరీ మంచిది, పెద్దవాళ్ల సంగతులు దాటేసి నేరుగా పుస్తకాల దగ్గరికి పోవచ్చు.

లెక్క చిన్నదిగా పెట్టుకోండి

రోజుకు పాతిక పేజీలు అనుకుందాం. 230 పేజీల నవల పది రోజులు పడుతుంది. నాలుగు వారాల్లో రెండు నవలలు హాయిగా అవుతాయి, మూడోది అయితే అయింది. సెలవుల్లో ముప్పై పుస్తకాలు చదివించే చాలెంజ్‌లు ఫోన్లో తిరుగుతుంటాయి, వాటి జోలికి పోవద్దు. మొదటి వారంలోనే వెనకబడిపోతారు, ఆ టెన్షన్‌కి పుస్తకం మంచం కిందికి పోతుంది. రెండు నవలలు చివరి పేజీ దాకా చదివిన పిల్ల మూడోది తనే వెతుక్కుంటుంది.

ఇంకో మాట. ఈ పని ఎందుకు పెట్టుకున్నారని ఎవరైనా అడిగితే మన ఇళ్లలో ఠక్కున వచ్చే జవాబు ‘ఇంగ్లీష్ ఇంప్రూవ్ అవుతుందని’. అవుతుంది, కాదనను. కానీ ఆ మాట పిల్లల ముందు ఒక్కసారి అన్నారంటే ఆ నవల కాస్తా ట్యూషన్ అయిపోతుంది. తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవాలన్న ఆత్రం తప్ప ఈ నాలుగు వారాల్లో ఇంకే లక్ష్యమూ వద్దు. సమ్మరీ రాయించడాలు, కొత్త పదాల నోట్‌బుక్కులు, చివర్లో ‘ఈ కథలో నీతి ఏంటి?’ అనే ప్రశ్న, ఈ మూడూ జూన్ దాకా బీరువాలో పెట్టి తాళం వేయండి.

వేళ

మన దగ్గర దీనికి వెతకాల్సిన పనేలేదు. మే నెలలో పదకొండు దాటితే బయట కుక్క కూడా కనబడదు. సాయంత్రం ఐదుకు గానీ పిల్లలు క్రికెట్‌కి కదలరు. ఆ మధ్యలో భోజనం, కునుకు పోగా గంట, గంటన్నర పుస్తకానికి ఇవ్వొచ్చు. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని ఎనిమిదింటికే కూర్చోబెడదామని చూడకండి. ఎండ ఎక్కకముందు ఆడుకునే టైమ్ అదొక్కటే, దాన్ని లాక్కుంటే పుస్తకం మీద కోపం వస్తుంది.

బండ పరుపు ఇల్లయితే నేలమీద, కూలర్ గాలి తగిలే చోట చాప వేయండి. మధ్యాహ్నం కరెంటు పోతే ఎట్లా అనేది కూడా ముందే చూసుకోవాలి. కిటికీ వెలుతురు పడే మూల అయితే కరెంటుతో పని ఉండదు. ఆ గంటన్నర ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌లో ఉంటుంది. పిల్లలది మాత్రమే కాదు, మీదీ. పక్కన మీరు రీల్స్ చూస్తూ కూర్చుని ‘చదువుకో నాయనా’ అంటే వినే పిల్లలు ఇంకా పుట్టలేదు. మీ చేతిలోనూ ఒక పుస్తకం ఉండాలి. అదే నవల రెండో కాపీ దొరికితే అంతకంటే మేలైనది లేదు.

పుస్తకాలు తెచ్చుకోవడం

అన్నిటికన్నా దగ్గరిది జిల్లా కేంద్ర గ్రంథాలయం. ‘అక్కడ పేపర్లు, పోటీ పరీక్షల పుస్తకాలే కదా’ అంటారు చాలామంది. రీడింగ్ హాల్లో కనిపించేది అదే. లోపల పుస్తకాలు ఇంటికిచ్చే విభాగంలోకి పోయి అడగాలి. పిల్లల బీరువా, ఇంగ్లీష్ ఫిక్షన్ బీరువా రెండూ చూడాలి, ఎందుకంటే ఈ రకం నవలల్ని ఏ అరలో పెట్టాలో లైబ్రరీలకు ఒక పట్టాన తేలదు. కొద్దిగా డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే ఇంటికిస్తారు. శుక్రవారం సెలవు, మరిచిపోయి ఎండలో పోకండి. వేసవిలో గ్రంథాలయాల్లో పిల్లలకు శిబిరాలు కూడా పెడుతుంటారు, పోయినప్పుడే అవీ కనుక్కోండి. మొహమాటమేం అక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. మన డబ్బుతో నడిచే చోటు అది.

రెండో దారి బెంగళూరు. అనంతపురంలో బెంగళూరులో చుట్టం లేని ఇల్లు ఉంటుందా? సాఫ్ట్‌వేర్ అన్నో, హాస్టల్లో ఉండే అక్కో ఎవరో ఒకరు రెండు వారాలకొకసారి రైలెక్కి వస్తూనే ఉంటారు. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వర్మ్ లాంటి షాపుల్లో పాత పుస్తకాలు సగం ధరకు, ఇంకా తక్కువకు దొరుకుతాయి. అక్కడ యంగ్ అడల్ట్ అని వేరే అరలే ఉంటాయి. రెండు మూడు పేర్లు వాట్సాప్‌లో పెట్టి ‘వచ్చేటప్పుడు పట్టుకురా’ అంటే చాలు. ఒకటే పేరు పంపితే ‘దొరకలేదు’ అనే జవాబు వస్తుంది.

గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు వద్దు. దొంగ కాపీలన్నది ఒకటి, ఫోన్లో చదువుతుంటే పైనుంచి నోటిఫికేషన్ జారిపడి పిల్లాడు కథలోంచి బయటికి పోతాడన్నది ఇంకొకటి. కాపీరైట్ తీరిపోయిన పాత ఇంగ్లీష్ నవలలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగానే ఉన్నాయి. కాకపోతే వాటిలో ఇంగ్లీష్ నూరేళ్ల కిందటిది, మొదటి పుస్తకానికి పనికిరాదు.

మొదటి పుస్తకం

ఇక్కడ తొందరపడొద్దు, సెలవులు నిలబడేదీ కూలేదీ ఇక్కడే. గొప్ప పుస్తకం, అవార్డు పుస్తకం అని చూడకండి. మొదటి రెండు పేజీల్లో కథ చెప్పే గొంతు పిల్లను పట్టుకుందా లేదా, అంతే. యంగ్ అడల్ట్ నవలల బలమంతా అందులోనే ఉంది. కథ నడిపేది పద్నాలుగు, పదహారేళ్ల పిల్లలు. పెద్దవాళ్లు పక్కన ఉన్నా నిర్ణయాలు వాళ్లవే, తప్పులూ వాళ్లవే. చాలాసార్లు వాళ్లే ‘నేను’ అంటూ చెబుతారు.

నన్నడిగితే మన జిల్లాలో మొదలుపెట్టడానికి లూయిస్ సాచర్ రాసిన ‘హోల్స్’ తర్వాతే ఏదైనా. 1998లో వచ్చింది, మరుసటి ఏడు అమెరికాలో పిల్లల సాహిత్యానికిచ్చే న్యూబెరీ మెడల్ తీసుకుంది. చేయని దొంగతనానికి స్టాన్లీ అనే కుర్రాణ్ని టెక్సస్ ఎడారిలో ఒక క్యాంపుకి పంపుతారు. క్యాంపు పేరులో చెరువుంది, అక్కడ మాత్రం చుక్క నీళ్లు లేవు. ఎప్పుడో ఎండిపోయింది. రోజుకొక గుంత తవ్వాలి, ఐదడుగుల లోతు, ఐదడుగుల వెడల్పు. అసలెందుకు తవ్విస్తున్నారో చెప్పరు. ఇక్కడ ఆగి మీ పిల్లతో మాట్లాడండి. ఎండిన చెరువు ఎలా ఉంటుందో, నెర్రెలు బారిన మట్టిలో పార దిగకపోతే చేతులు ఎలా బొబ్బలెక్కుతాయో అమెరికాలో ఏ పిల్లాడైనా ఊహించుకోవాల్సిందే. మన పిల్లలు బుక్కరాయసముద్రం కట్ట మీద నిలబడి, చెరువులో నీళ్లు అడుగంటిన ఏడాది ఎలా ఉంటుందో చూసినవాళ్లు. బోరు కోసం పొలంలో పాయింట్ మీద పాయింట్ వేయించి, దుమ్ము తప్ప ఏమీ రాని రోజు ఇంట్లో భోజనాలు ఎలా జరుగుతాయో వాళ్లకు తెలుసు. ఆ పుస్తకం వాళ్లది.

పైగా యాభై అధ్యాయాలు, చాలావరకు ఒక్కోటి నాలుగైదు పేజీలే, కొన్ని ఇంకా చిన్నవి. వాక్యాలు పొట్టివి. తెలుగు మీడియం నుంచి ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఇంగ్లీష్ మీడియానికి మారిన పిల్లలు కూడా నెట్టుకుపోగలరు.

నెట్టుకుపోగలరా లేదా అనేది చూడడానికి ఒక పాత పద్ధతుంది. పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవమనండి. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టండి. రెండు మూడయితే సరైనది. ఒక్కటీ ముడవకపోయినా ఏం కాదు, హాయిగా చదువుతుంది.

మగపిల్లాడు ‘నాకు నవలలు వద్దు’ అని మొండికేస్తే ఎస్.ఇ. హింటన్ ‘ది అవుట్‌సైడర్స్’ చేతిలో పెట్టండి. ఒకే ఊళ్లో రెండు గ్రూపుల కుర్రాళ్లు, డబ్బున్నవాళ్లు, లేనివాళ్లు, వాళ్ల గొడవలు. మన కాలేజీల్లో చదివినవాళ్లకు దీనికి పరిచయం అక్కర్లేదనుకుంటాను. రాయడం మొదలుపెట్టినప్పుడు రచయిత్రికి పదిహేనేళ్లు, 1967లో అచ్చయ్యేనాటికి పద్దెనిమిది. పెద్దవాళ్లు పిల్లల గురించి ఊహించుకుని రాసినవాటితో విసిగి ఒక హైస్కూల్ పిల్ల తనే రాసేసింది. ఈ రకం నవలలకు ఇదే తొలి మెట్టని చాలామంది చెబుతారు. ఈ ముక్క మీ అమ్మాయికి చెప్పి చూడండి, ఒక నోట్‌బుక్ కనిపించకుండా పోయినా ఆశ్చర్యం లేదు.

మన దేశపు ఇంగ్లీష్ కావాలంటే రస్కిన్ బాండ్ ‘ది రూమ్ ఆన్ ది రూఫ్’ ఉంది. డెహ్రాడూన్‌లో రస్టీ అనే పదహారేళ్ల కుర్రాడు కఠినమైన సంరక్షకుడి ఇంట్లోంచి బయటపడి స్నేహితులను వెతుక్కుంటాడు. బాండ్ దాన్ని పదిహేడేళ్ల వయసులో రాశారు. 1956లో వచ్చింది. చాట్ బండి, హోలీ రంగులు, బజారు అన్నీ తెలిసినవే. కథ నిదానంగా పోతుంది కాబట్టి రెండో పుస్తకంగా బాగుంటుంది.

తెలుగులో

యంగ్ అడల్ట్ అని ముద్ర వేసుకుని వచ్చే తెలుగు నవలలు తక్కువ. ముద్ర సంగతి వదిలేసి చూస్తే మాత్రం మన సీమలోనే మంచి సరుకుంది. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ చిన్న నవల. ఒక ముసలాయన, తప్పిపోయిన సుక్కపంది, ఒక రాత్రి అడవి. టీనేజ్ హీరో లేడు కానీ పదో తరగతి పిల్లాడు మొదలుపెడితే కింద పెట్టడు. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో కథ చెప్పే పిల్లోడి మాట చిత్తూరు యాస, మనకు పక్కింటి భాష. ఆ భాష చాలా పచ్చిగా ఉంటుంది, ముందు మీరొకసారి చదువుకుని ఇవ్వండి. పిల్లలు మొహం ఎర్రగా చేసుకుని నవ్వే చోట్లు చాలానే ఉన్నాయి. ‘రైలుబడి’ పేరుతో తెలుగులోకి వచ్చిన జపాన్ పుస్తకం పన్నెండు, పదమూడేళ్లవాళ్లకు బాగుంటుంది. నవల కాదు, రచయిత్రి సొంత చిన్నప్పటి సంగతులు. అయినా కథలాగే పోతుంది.

ఇంగ్లీష్ ఒకటి, తెలుగు ఒకటి అని పంచుకుంటే సరిపోతుంది. ‘తెలుగు నవలలెందుకు, మార్కులొస్తాయా’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. విని ఊరుకోండి.

మొదటి మూడు రోజులు

మొదటి అధ్యాయం మీరు పైకి చదవండి. పదహారేళ్ల పిల్లకి చదివి వినిపించడమేంటని సిగ్గుపడొద్దు. మొదటి అధ్యాయమే కష్టం. ఎవరెవరో తెలియదు, ఊరు తెలియదు, పేర్లు నోరు తిరగవు. ఆ పదిహేను నిమిషాలు ఇద్దరూ కలిసి దాటేస్తే తర్వాత తనే పోతుంది. మీ ఉచ్చారణ తప్పితే పిల్ల దిద్దుతుంది, దానికి అదొక సంబరం.

తెలియని మాట దగ్గర ఆగొద్దని చెప్పండి. ముందు వెనక చూస్తే సగం అర్థమవుతుంది, మిగతా సగం లేకపోయినా కథ నడుస్తుంది. సొంత పుస్తకమైతే ఆ మాట పక్కన పెన్సిల్ చుక్క పెట్టుకోవచ్చు. అదే మాట మూడోసారి వచ్చి దారికి అడ్డం పడితే అప్పుడు డిక్షనరీ. లైబ్రరీ పుస్తకంలో చుక్క కూడా పెట్టొద్దు.

ఆపే చోటు గురించి మీ అమ్మనో అత్తనో అడగండి. వారపత్రికల్లో సీరియల్ చదివినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. పై వారం దాకా ఆగలేక, పత్రిక ముందు ఎవరి చేతికొస్తే వాళ్లు దాచుకుని చదివిన కాలం అది. ఆ సీరియల్ ఎప్పుడూ తలుపు తెరుచుకునే ముందు ఆగేది, తెరుచుకున్నాక కాదు. ఇంట్లోనూ అదే చేయండి. అధ్యాయం పూర్తయ్యాక పుస్తకం మూయించకండి. తర్వాతి అధ్యాయం ఒక పేజీ చదివాక, ‘అయ్యో ఇప్పుడా’ అనిపించే చోట భోజనానికి పిలవండి. ‘మా, ఇంగొక్క పేజీ మా’ అని వినబడిందంటే మీ పని అయిపోయినట్టే. ఆ ఒక్క పేజీకి మాత్రం ఒప్పుకోండి, చారు చల్లారినా ఫర్వాలేదు.

రాత్రి మిద్దె మీద పడకలు వేసేటప్పుడు ఒకే ఒక ప్రశ్న అడగండి: ‘ఇప్పుడేమైతుందంటావ్?’ జవాబు తప్పయినా ఒప్పయినా మీరేం చెప్పొద్దు, మీరు ముందే చదివేసినా సరే. జేజి పక్కనే ఉంటే ఆమెకు కథ మొత్తం మొదటినుంచి చెప్పాల్సి వస్తుంది. టెక్సస్ క్యాంపు వార్డెన్‌ని ఆమె ఏ తిట్టు తిడుతుందో వినడానికైనా పిల్లలు మరునాడు చదువుతారు.

యాభై పేజీలైనా కదలకపోతే వదిలేయండి. డబ్బు పెట్టి కొన్నాం కదా అని ముక్కుతూ చదివించొద్దు. పక్కింటి పిల్లలకిచ్చి వాళ్లది తెచ్చుకోండి. రెండు మూడు ఇళ్లు కలిస్తే తలా ఒక పుస్తకంతో నాలుగు వారాలూ గడిచిపోతాయి. ఎవరి దగ్గర ఏది ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే జూన్‌లో పుస్తకం నీదా నాదా అని తగవు.

ప్రేమ, చావు, రక్తం

ఈ నవలల్లో ఇవి ఉంటాయి, ముందే తెలుసుకుని ఉండడం మంచిది. సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’లో పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లల్ని 24 మందిని ఎంచి, ఒక్కరే మిగిలేదాకా పోరాడమంటారు. ఏడో తరగతి పిల్లాడికి తొందర, పదో తరగతికి సరే. మార్కస్ జుసాక్ ‘ది బుక్ థీఫ్’లో కథ చెప్పేదే మృత్యువు. హిట్లర్ నాటి జర్మనీలో పుస్తకాలు దొంగిలించే పిల్ల కథ. చాలా మంచి నవలే కానీ ఐదొందల పేజీలు దాటుతుంది, ఈ సెలవుల్లో మొదలుపెట్టకండి.

ప్రేమకథ కనబడగానే పుస్తకం లాక్కునే పెద్దవాళ్లున్నారు. అదే పిల్ల అదే వారం టీవీలో, ఫోన్లో ఏం చూస్తోందో వాళ్లు పట్టించుకోరు. లాక్కున్న పుస్తకం దిండు కింద చదువుతారు, దాని గురించి మీతో మాట్లాడరు. నష్టం అక్కడ. మీకు ఇబ్బందిగా ఉంటే మీరూ చదవండి. చదివి, ‘ఆ పిల్ల అట్లా చేసింది కదా, నువ్వైతే ఏం చేసేదానివి?’ అని అడగండి. ‘నేనైతే అట్ల చేయను’ అనే మాట వస్తుంది, దాని వెనకాలే ఇంకో రెండు మాటలు, మీకు ఇప్పటిదాకా తెలియనివి. బడి గురించో, బస్సులో వెంటపడేవాడి గురించో. ఆ సమయంలో లెక్చర్ ఇవ్వకుండా కూర్చోవడం చాలా కష్టం. అయినా కూర్చోండి.

మే మూడో వారం దాటాక

ఈపాటికి ఒక పుస్తకం అయిపోయి రెండోది సగంలో ఉంటుంది. ఇప్పుడే ఒక ప్రమాదం ఉంది. బెంగళూరు అన్న ‘ఇది సూపర్’ అని మూడు, నాలుగు, ఏడు భాగాల సిరీస్ మొదటి భాగం పట్టుకొస్తాడు. అది తీసుకుని దాచేయండి. మే ఆఖర్లో సిరీస్ మొదలుపెడితే రెండో భాగం మధ్యలో బడి తెరుస్తారు, యూనిఫాం కుట్టించడాలు, ఫీజులు, కొత్త పుస్తకాలకు అట్టలు, ఆ గొడవలో కథ తెగిపోతుంది. తెగిన కథను దసరాకి అతికించడం అయ్యే పని కాదు. ఆ నెలాఖరుకు రెండొందల పేజీల లోపు, ఒకే భాగంలో అయిపోయే నవలే మేలు. సిరీస్ మొదటి భాగం దసరా సెలవుల మొదటిరోజు బయటికి తీయండి.

లైబ్రరీ పుస్తకాలు జూన్ మొదటి వారంలోనే ఇచ్చేయండి. సగం మిగిలి ఉంటే అదే రోజు గడువు పొడిగించుకోండి, బడి తెరిచాక పొద్దున వేళ లైబ్రరీకి ఎవరూ పోలేరు. పోయేది శుక్రవారం కాకుండా చూసుకోండి.